కిందికి దిగిన కారు డోర్‌కి పిన్-బుష్ కిట్: పనిచేస్తుంది, కానీ అన్ని బళ్ళకీ కాదు

డోర్ వేసేటప్పుడు చివర పట్టుకుని కాస్త పైకెత్తితే తప్ప లాక్ పడటం లేదంటే, హింజ్ దగ్గర ఏదో అరిగిందో వదులైందో అన్నమాట. అమెరికాలో పాత షెవర్లే, జీఎంసీ పికప్‌లు నడిపేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. అక్కడి ఆటో పార్ట్స్ షాపుల్లో అట్ట మీద ప్లాస్టిక్ కప్పి కొక్కేనికి వేలాడదీసే డోర్ హింజ్ పిన్-బుష్ కిట్ పుట్టిందే ఇందుకు. మామూలుగా అందులో రెండు ఉక్కు పిన్‌లు, నాలుగు బుష్‌లు (పిన్ చుట్టూ కూర్చునే చిన్న లోహపు గొట్టాలు) ఉంటాయి. కొన్నిటిలో పిన్ చివర తగిలించే క్లిప్‌లు కూడా ఇస్తారు. డోర్మన్ లాంటి పేరున్న కంపెనీలవీ ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఊరూ పేరూ లేనివీ ఉన్నాయి. ఏదైనా సాధారణంగా 20 డాలర్లు దాటదు. అదే పని బాడీ షాప్‌కి ఇస్తే కూలీయే దానికి ఎన్నో రెట్లు అవుతుంది.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి సుఖం. పిన్, బుష్ విడిగా మార్చుకోగలిగే హింజ్‌లున్న బండి (ఎక్కువగా హింజ్‌లు బాడీకీ డోర్‌కీ వెల్డ్ చేసి ఉన్నవి) అయ్యుండాలి, అరుగుదల పిన్ దగ్గరే ఉండాలి. ఈ రెండూ కుదిరితే ఆ డబ్బుకి ఇంతకన్నా మంచి రిపేరు దొరకదు. కుదరకపోతే కిట్ కొనడం దండగ. ఈ రెండో మాట అట్ట మీద రాసి ఉండదు, ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టేవాళ్ళలో చాలామంది కిట్‌ని తిట్టాల్సినవాళ్ళు కాదు.

ఏ బళ్ళకి పనికొస్తుంది

1988 నుంచి 98 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ (జీఎం) ఫుల్‌సైజ్ పికప్‌లు (సి1500, కె1500, వాటి అన్నదమ్ములు), 1982–2004 మధ్య షెవర్లే ఎస్-10 చిన్న పికప్, దాని జీఎంసీ జంట (మొదట ఎస్-15, 1991 నుంచి సోనోమా), 1982–92 నాటి కామారో, ఫైర్‌బర్డ్ కార్లు. వీటన్నిటికీ కిట్ తేలిగ్గా దొరుకుతుంది. కామారో డోర్ అయితే పొడుగూ ఎక్కువే బరువూ ఎక్కువే, దిగిపోవడానికి అది పేరుమోసింది. పాత ఫోర్డ్ ఎఫ్-సిరీస్ పికప్‌లకీ పిన్-బుష్ కిట్లు ఉన్నాయి.

కామ్రీ, కరోలా, అకార్డ్, సివిక్ లాంటివి కొన్న మనవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు. అమెరికాలో చదువుకోవడానికి వచ్చి పాత బండి కొనే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది దగ్గర ఉండేవి ఇవే కాబట్టి ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. వీటి హింజ్‌లు రెండు వైపులా బోల్టులతో బిగించి ఉంటాయి. పిన్ ఫ్యాక్టరీలోనే నొక్కేసి వస్తుంది, దాన్ని విడిగా మార్చుకోమని కంపెనీ ఉద్దేశం కాదు. పిన్ అరిగితే హింజ్ మొత్తం మార్చాలి, బోల్టులు వదులైతే సర్ది బిగించాలి. రెండిట్లో దేనికీ ఈ కిట్ అక్కర్లేదు.

ఇంత చిన్న బుష్ ఎందుకంత తేడా తెస్తుంది

లెక్క చూస్తే తెలుస్తుంది. 30 కిలోల డోర్ అనుకుందాం. దాని బరువు హింజ్ నుంచి సుమారు అర మీటరు దూరంలో పనిచేస్తుంది. పై హింజ్‌కీ కింది హింజ్‌కీ మధ్య 40 సెంటీమీటర్లు. అప్పుడు తెరిచి ఉంచినంతసేపూ పై హింజ్‌ని బయటికి లాగే బలం, కింది హింజ్‌ని లోపలికి నెట్టే బలం ఒక్కోటీ 37 కిలోల పైమాటే. ఇక బండి దిగేటప్పుడు డోర్ చివర మీద చెయ్యి వేసి 40 కిలోల భారం మోపామనుకోండి. ఆ చివర హింజ్‌కి 1.1 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఒక్కో హింజ్ మీద ఇంకో 110 కిలోల బలం అదనంగా పడుతుంది. ఎత్తుగా ఉండే పికప్‌లో డ్రైవర్ రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతాడో లెక్కేసుకుంటే డ్రైవర్ వైపు డోరే ముందు ఎందుకు దిగుతుందో వేరే చెప్పక్కర్లేదు. కిటికీ అంచు పట్టుకుని బండిలోకి ఎగబాకే అలవాటున్న ఇంట్లో కొత్త బుష్‌లు కూడా ఎక్కువ కాలం నిలవవు.

హింజ్ దగ్గర 1 మిల్లీమీటరు ఆట (వదులు) ఉంటే డోర్ చివర అది 2.75 మిల్లీమీటర్లు అవుతుంది. పైదీ కిందిదీ చెరో మిల్లీమీటరు అరిగితే చివర ఐదున్నర. లాక్ ముక్కు స్ట్రైకర్‌ని (డోర్ లాక్ వచ్చి కరుచుకునే, బాడీకి బిగించిన కొక్కేన్ని) వదిలి పోవడానికి అది చాలు. కంటికి కనపడని అరుగుదల చివర అర సెంటీమీటరు పైగా దిగుడుగా కనిపించే గారడీ అంతా ఈ నిష్పత్తిదే.

కొనే ముందు చేయాల్సిన పరీక్ష

డోర్‌ని ఒక జానెడున్నర తెరిచి, లాక్ ఉన్న చివర కింద రెండు చేతులూ పెట్టి పైకి ఎత్తండి, వదలండి, మళ్ళీ ఎత్తండి. ఇంకొకరిని టార్చి పట్టుకుని హింజ్‌ల వైపు చూడమనండి. ఎత్తేవాడికి ఏమీ కనపడదు, కాబట్టి ఇది ఇద్దరి పనే.

పిన్ తన రంధ్రంలో కదులుతూ, హింజ్ రెండు ఆకుల (ఒకటి బాడీకి, ఒకటి డోర్‌కి పట్టి ఉండే పలకల) మధ్య జరుగుడు కనిపిస్తే మీకు కిట్ కావాలి. హింజ్ ఆకు మొత్తంగా పిల్లర్ (డోర్‌ని మోసే బాడీ నిలువు స్తంభం) మీద జరుగుతుంటే బోల్టులు వదులైనట్టు. బిగిస్తే సరిపోవచ్చు, లేదా వెనకాల బోల్టులు దిగే నట్ ప్లేట్ పాడై ఉండవచ్చు. హింజ్ గట్టిగానే ఉండి, దాని చుట్టూ పిల్లర్ రేకు ఊగుతున్నా, పెయింట్ మీద సన్నని పగులు గీతలు కనిపించినా అది వెల్డింగ్ పని. దానికి పిన్ మార్చి లాభం లేదు. ఏదీ కదలట్లేదు, అయినా డోర్ స్ట్రైకర్‌ని కొడుతోందంటే పాత యాక్సిడెంట్ తాలూకు వంకర ఉండొచ్చు, లేదా ఎవరో ఇదివరకే స్ట్రైకర్‌ని జరిపి ఉండొచ్చు. స్ట్రైకర్ పై అంచు మీద మెరిసే గీత, గడప మీద డోర్ వెనక మూల రాసుకుపోయిన మచ్చ, పై రబ్బరు సీల్ ఒకవైపే అణిగి ఉండటం, ఇవన్నీ డోర్ దిగిందని చెప్తాయి. ఎందుకు దిగిందో చెప్పేది మాత్రం ఆ ఎత్తి చూసే పరీక్ష ఒక్కటే.

కిట్‌లో ఏముంది, ఏది చూసి కొనాలి

పిన్ తల కింద కొంత మేర పళ్ళు చెక్కి ఉంటాయి. ఆ పళ్ళు హింజ్ ఒక ఆకు రంధ్రంలో కరుచుకుని పిన్ తిరగకుండా పట్టుకుంటాయి. రెండో ఆకు బుష్‌ల మీద తిరుగుతుంది. అంటే అరగాల్సింది బుష్, అరగకూడనిది హింజ్ ఉక్కు. బుష్‌కి ఒక అంచు ఉంటుంది, డోర్ బరువు కూర్చునేది ఆ అంచు మీదే. చవక కిట్లు ఓడిపోయేది ఈ రెండు చోట్లే, పిన్ పళ్ళ దగ్గర, బుష్ లోహం దగ్గర.

పళ్ళు లోతు లేకుండా పైపైన గీసినట్టుంటే పిన్ కరుచుకోదు. అప్పుడు పిన్ హింజ్ ఉక్కులోనే తిరగడం మొదలెడుతుంది. కొన్నాళ్ళకి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది, ఆపైన ఏ కిట్ వేసినా నిలవదు. కొత్త పిన్‌ని ఖాళీ హింజ్ రంధ్రంలో చేత్తో పెట్టి చూడండి. పళ్ళ దగ్గర ఆగిపోవాలి, సుత్తి దెబ్బ అడగాలి. చేత్తో నెడితే తల దాకా జారిపోయే పిన్ ఆ హింజ్‌కి పనికిరాదు.

బుష్‌ల సంగతి. మంచివి కంచు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి, ఆపైన నూనె పీల్చుకునేలా చేస్తారు. లైటర్ మంట మీద కాసేపు వేడి చేస్తే పై నుంచి నూనె చెమట పట్టినట్టు బయటికొస్తుంది. మామూలు ఇత్తడివైతే రాదు. ఇత్తడి బుష్ కూడా చెడ్డదేమీ కాదు, నూనె మనం వేస్తుండాలి అంతే. అయస్కాంతానికి అతుక్కుంటే మాత్రం అది పైన పసుపు పూత వేసిన ఇనుము, వెనక్కి ఇచ్చేయండి. పిన్‌ని బుష్‌లో పెట్టి చూస్తే నూనె పొరతో జారాలి, పక్కలకి ఊగకూడదు. కొత్త సామానులోనే ఊగులాట ఉంటే బండికి ఎక్కించాక తగ్గదు.

ఇంకో తిరకాసు పిన్‌ల లెక్కది. కొన్ని అట్టల మీద ఒకే పిన్, రెండే బుష్‌లు ఉంటాయి, అంటే ఒక్క హింజ్‌కి సరిపడా. ఒక డోర్‌కి రెండు పిన్‌లు, నాలుగు బుష్‌లు కావాలి. పైది బాగానే ఉందనిపించినా రెండూ మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే డోర్ ఒక వైపుకి లాగుతుంది. రంధ్రం ఇప్పటికే కొంచెం సాగి ఉంటే బయటి వ్యాసం ఎక్కువగా ఉన్న ఓవర్‌సైజ్ బుష్‌లు తీసుకోవాలి. పాత బుష్ తీశాక కాలిపర్‌తో (వ్యాసం కొలిచే పనిముట్టుతో) రంధ్రాన్ని రెండు దిక్కుల్లో కొలవండి. రెండు కొలతలకీ తేడా కనిపిస్తే అప్పుడే ఓవర్‌సైజ్ గురించి ఆలోచించాలి. ముందుగానే కొని పెట్టుకోవడం అనవసరం.

పని ఎలా సాగుతుంది

గ్యారేజ్ జాక్, దాని మీద పెట్టడానికి చెక్క ముక్క, దాని మీద పరచడానికి పాత తువ్వాలు. కిలో బరువున్న సుత్తి, కనీసం 25–30 సెంటీమీటర్ల పొడుగున్న, పిన్ కంటే సన్నని డ్రిఫ్ట్ (పిన్‌ని కొట్టి తోసే ఉక్కు కడ్డీ). వైస్‌గ్రిప్ (పట్టు బిగిసి నిలిచే పట్టకారు), తుప్పు వదిలించే నూనె, కళ్ళద్దాలు, మాస్కింగ్ టేప్. ఇంతే. పొట్టి పంచ్‌తో మొదలెడితే కింది హింజ్ దగ్గర ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) అడ్డొచ్చి సుత్తి తిప్పే చోటు ఉండదు.

ముందు రోజు సాయంత్రమే రెండు పిన్‌ల రెండేసి కొసల దగ్గరా నూనె కొట్టి వదిలేయండి. ఫెండర్ వెనక అంచుకీ డోర్ ముందు అంచుకీ రెండు మూడు వరసలు టేప్ వేయండి. ఈ పనిలో పెయింట్ పోవడం సుత్తి వల్ల కాదు, డోర్ ఒక్కసారి ముందుకి జరిగి ఫెండర్‌ని గీకడం వల్ల. స్ట్రైకర్ ఇప్పుడున్న చోటు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి.

ఎస్-10 లాంటి వాటిల్లో డోర్‌ని తెరిచిన చోట ఆపి ఉంచడానికి హింజ్ దగ్గర బలమైన కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది. పిన్‌ల కంటే ముందు దీన్ని తీయాలి. స్క్రూడ్రైవర్‌తో పీకితే తుపాకీ గుండులా ముఖం మీదికి వస్తుంది. దీనికోసం డోర్ స్ప్రింగ్ కంప్రెసర్ అని చిన్న పనిముట్టు ఉంది. అది కొనండి, లేదా షాప్‌లో అద్దెకి ఇస్తారేమో అడగండి. స్ప్రింగ్ చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి కళ్ళద్దాలు పెట్టుకున్నాకే తీయండి. కిట్ ధరకి పైన పడే అసలు ఖర్చు ఇదే, అట్ట మీద దీని గురించి ఒక్క ముక్క ఉండదు.

డోర్‌ని సగానికి పైగా తెరిచి, కింద చెక్క పెట్టి జాక్ ఎత్తండి. బరువు జాక్ మీదికి వచ్చీరానట్టు ఉండాలి. ఎక్కువ ఎత్తితే పిన్ అడ్డంగా బిగుసుకుంటుంది, తక్కువైతే డోర్ బరువంతా పిన్ మీదే ఉంటుంది. పిన్ వదులుగా తిరిగే ఎత్తు దొరికిందంటే పని సగం అయినట్టే. చాలామంది సుత్తితో తంటాలు పడేది జాక్ ఎత్తు సరిచూసుకోకే.

మొదట కింది పిన్. చివర క్లిప్ ఉంటే తీసేయండి. తల ఏ వైపు ఉందో గుర్తుపెట్టుకోండి, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే మరీ మంచిది. కొత్తది అదే దిక్కున వెళ్ళాలి. తలకి ఎదురు కొస నుంచి కొట్టాలి. పళ్ళు కరుచుకుని ఉంటాయి కాబట్టి మొదటి నాలుగైదు దెబ్బలకి ఏమీ జరగదు. కదిలాక తలని వైస్‌గ్రిప్‌తో పట్టుకుని తిప్పుతూ లాగొచ్చు. పిన్ బయటికి రాగానే ఆ రంధ్రంలో కాస్త సన్నని బోల్టు దూర్చి పెట్టండి. పై పిన్ తీసేటప్పుడు డోర్ అక్కడే నిలబడుతుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. బుష్‌లు హింజ్ ఆకుకి పై నుంచి, కింది నుంచి దూరే రకమైతే ఒక్కో హింజ్ చొప్పున మార్చి డోర్ దింపకుండా గట్టెక్కొచ్చు. అంచు రెండు ఆకుల మధ్యకి రావాల్సిన రకమైతే ఆకుల్ని విడదీయక తప్పదు, అంటే డోర్ బయటికి రావాలి. అప్పుడు కిటికీ మోటార్, స్పీకర్ల వైర్లు వెళ్ళే రబ్బరు గొట్టాన్ని ముందే విప్పాలి. వైర్ మరిచిపోయి డోర్ లాగితే బాగుచేయాల్సినవి రెండవుతాయి. ఇలా దింపాల్సి వస్తే పట్టుకోవడానికి మనిషి తప్పనిసరిగా ఉండాలి. 30 కిలోల డోర్ జాక్ మీద ఒంటరిగా నిలబడదు, అటో ఇటో వాలుతుంది.

పాత బుష్‌లు సగం పొడై, సగం రంధ్రానికి అతుక్కుని ఉంటాయి. పాత పిన్ కొసతో గానీ పొట్టి ఉలితో గానీ తట్టితే ఊడతాయి. రంధ్రం లోపల తుప్పూ ముక్కలూ సన్నని ఎమరీ కాగితంతో శుభ్రం చేయండి. డ్రిల్ పెట్టకండి. ఒకసారి పెద్దదైన రంధ్రాన్ని చిన్నది చేయడం ఇంట్లో అయ్యే పని కాదు.

కొత్త బుష్‌లని సుత్తితో నేరుగా కొట్టడం వల్లే చాలా కిట్లు పాడవుతాయి. కంచు పెళుసు, అంచు చిట్లుతుంది, లేదా బుష్ ఏటవాలుగా దూరి ఇరుక్కుంటుంది. పొడుగు బోల్టు, నట్టు, రెండు వాషర్లు తీసుకుని బుష్‌ని మధ్యలో పెట్టి నట్టు బిగిస్తూ పోతే తిన్నగా వెళ్ళి కూర్చుంటుంది. చోటు ఉంటే సి-క్లాంప్‌తోనూ చేయొచ్చు. అంచు ఎటువైపు ఉండాలన్నది పాతదాన్ని చూసి పెట్టండి. ఒక ఆకు ఇంకో ఆకు మీద రాసుకునే చోట అంచు ఉండాలి. తిరగేసి పెడితే ఇనుము మీద ఇనుము రాసుకుని మొదటి వారం నుంచే కిర్రుమంటుంది.

బుష్ బిగుతుగా కూర్చున్నాక లోపలి రంధ్రం కాస్త తగ్గుతుంది. పిన్ ఎక్కకపోతే కంగారు పడనక్కర్లేదు. సన్నని ఎమరీ కాగితాన్ని చుట్టి నాలుగు తిప్పులు తిప్పి, తుడిచి, మళ్ళీ పిన్ పెట్టి చూడాలి. వేలి బలంతో దూరితే సరి. నూనె కంచు బుష్‌కి ఇంజన్ ఆయిల్ రెండు చుక్కలు చాలు. ఇత్తడివైతే వైట్ లిథియం గ్రీజు పల్చగా రాయండి. డబ్ల్యూడీ-40 తుప్పు వదలగొట్టడానికి పనికొస్తుంది కానీ ఇక్కడ కందెనగా నిలవదు, ఉన్న నూనెని కూడా కడిగేస్తుంది.

పిన్‌లు ఎక్కించేటప్పుడు జాక్‌ని కొంచెం కొంచెంగా ఎత్తి దించుతూ రెండు ఆకుల రంధ్రాలనీ వరసలోకి తేవాలి. పిన్ చేత్తోనే పళ్ళ దాకా వెళ్ళాలి, అక్కడి నుంచే సుత్తి. అంతకు ముందే దెబ్బలు కావాల్సి వస్తోందంటే రంధ్రాలు వరసలో లేనట్టు. ఆ స్థితిలో కొడితే కింది బుష్ అంచు విరుగుతుంది.

మొండికేసే పిన్

ఉప్పు చల్లే చలి రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే పిన్ రాకపోవచ్చు. కొట్టిన కొద్దీ కొస పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా బిగుస్తుంది. అప్పుడు కొట్టడం ఆపి, రెండు ఆకుల సందులో హాక్సా బ్లేడుతోనో కరెంటు రంపంతోనో పిన్‌ని కోసి ముక్కల్ని విడివిడిగా తీయడం మేలు. గ్యాస్ మంట పెట్టాలని చాలామందికి చెయ్యి దురద. ఫెండర్ లోపలి ప్లాస్టిక్, వైర్ల కట్ట, పెయింట్ అన్నీ జానెడు దూరంలోనే ఉన్నాయని గుర్తుంచుకుంటే ఆ దురద పోతుంది. ఎయిర్ హ్యామర్ (గాలి ఒత్తిడితో నడిచే సుత్తి) ఉన్నవాళ్ళకి ఈ అధ్యాయమే అవసరం లేదు, కొన్ని క్షణాల్లో వచ్చేస్తుంది.

పిన్‌లు పడ్డాక

డోర్‌ని మెల్లగా మూయండి, గట్టిగా వేయొద్దు. పాత దిగుడుకి సర్దుబాటుగా ఎవరో స్ట్రైకర్‌ని కిందికి జరిపి ఉంటే ఇప్పుడు డోర్ దానికి పైన తగులుతుంది. స్ట్రైకర్‌ని కదిలేటంత వదులు చేసి, డోర్ మూసి, అది తనంతట తాను కూర్చున్న చోటు చూసి, జాగ్రత్తగా తెరిచి బిగించండి. ఫెండర్‌కీ డోర్‌కీ మధ్య సందు పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉండాలి. కొసన ఎత్తి చూస్తే ఆట ఉండకూడదు. లాక్ రెండు టిక్కులూ వినపడాలి. ఒక్క టిక్కుతో మూసుకున్న డోర్ రోడ్డు మీద తెరుచుకోగలదు, కాబట్టి ఇది చూడకుండా బండి బయటికి తీయకండి.

కిట్ సరిగ్గా పడితే డోర్ మూసిన శబ్దమే మారిపోతుంది. గంటకి వంద కిలోమీటర్ల మీద వచ్చే గాలి ఈల, వానకి కాళ్ళ దగ్గర కార్పెట్ తడవడం లాంటివి డోర్ దిగడం వల్ల వచ్చినవైతే అవీ తగ్గుతాయి. సీల్ చాలాకాలం ఒకవైపే అణిగి ఉంటే మాత్రం అది తిరిగి లేవదు, రబ్బరు మార్చాల్సిందే.

కిట్ ఎక్కడ చేతులెత్తేస్తుంది అంటే, హింజ్ రంధ్రం బాగా సాగిపోయిన చోట. ఓవర్‌సైజ్ బుష్ కూడా వదులైతే మిగిలేది పాత వెల్డ్ కోసి కొత్త హింజ్ పెట్టించడం. అది బాడీ షాప్ పని, ఖర్చు వందల డాలర్లలోకి వెళ్తుంది. డోర్ ఎత్తి వేసుకుంటూ ఏళ్ళు గడిపేసేవాళ్ళు చివరికి చెల్లించేది ఈ బిల్లే.

మన దగ్గర నడిచే బళ్ళ సంగతి

బోల్టు హింజ్‌లున్న కార్లకి చేయాల్సింది వేరు. పిన్‌లో ఆట లేదు, డోర్ మాత్రం దిగింది అనుకుంటే బోల్టుల్ని పూర్తిగా విప్పకుండా కాస్త వదులు చేసి, జాక్ మీద డోర్‌ని రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తి బిగించి చూడాలి. ఇంకా చాలకపోతే కింది హింజ్‌కీ పిల్లర్‌కీ మధ్య సన్నని రేకు షిమ్ పెట్టొచ్చు. కింద 1 మిల్లీమీటరు షిమ్ పెడితే డోర్ వెనక చివర సుమారు 2.75 మిల్లీమీటర్లు లేస్తుంది, ముందు చెప్పిన నిష్పత్తే. పై హింజ్ కింద పెడితే ఇంకా దిగుతుంది. ఒకసారికి ఒక్క హింజ్ బోల్టులే వదులు చేయండి. అన్నీ ఒక్కసారి విప్పితే సందులన్నీ మొదటి నుంచి కుదుర్చుకోవాలి.

టింకరింగ్ షాపుల్లో ఇంకో పద్ధతి ఉంది. డోర్ తెరిచి కింద జాక్ పెట్టి హింజ్ వంగేదాకా ఎత్తేయడం, లేదా హింజ్ సందులో చెక్క పెట్టి డోర్‌ని మూయబోయినట్టు నొక్కడం. ఐదు నిమిషాల్లో డోర్ లేస్తుంది, డబ్బూ తక్కువే. అయితే అరిగిన పిన్ అరిగినట్టే ఉంటుంది. వంచిన చోట హింజ్ గానీ దాని వెనక పిల్లర్ రేకు గానీ బలహీనపడి కొన్నాళ్ళకి పగులుతుంది. యాక్సిడెంట్‌లో నిజంగానే వంగిన హింజ్‌ని తిన్నగా చేయడానికి అనుభవమున్న చేతికి ఇది పనికొస్తుంది. అరుగుదలకి మందు మాత్రం కాదు. దీనికంటే అన్యాయం స్ట్రైకర్‌ని కిందికి జరిపి పంపేయడం. డోర్ పడుతుంది నిజమే, బరువు మాత్రం ప్రతిసారీ లాక్ మీద పడి అది కూడా అరుగుతుంది.

పిన్ నిజంగా అరిగిన బోల్టు హింజ్‌కి మన దగ్గర రెండు దారులు. ఒకటి, విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో కొత్త హింజ్‌ల జత కొనడం. మారుతి 800, ఆల్టో లాంటి వాటికి ఇదే తెలివైన పని. రెండోది, సామాను దొరకని పాత బండికి హింజ్ విప్పి లేత్ షాపుకి తీసుకెళ్ళడం. పాత పిన్ కొట్టించి, రంధ్రాన్ని గుండ్రంగా బోర్ చేయించి, దానికి సరిపడా గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ లేత్ మీద తీయించి, కొత్త పిన్ వేయించుకోవచ్చు. అమెరికన్ కిట్ చేసే పనే ఇది, కాకపోతే కొలత మీ హింజ్‌కి తగ్గట్టు. లేత్ వాడికి బుష్‌కి అంచు ఉండాలని ముందే చెప్పండి. చెప్పకపోతే ఉత్త గొట్టంలా తీసి ఇస్తాడు, డోర్ బరువు కూర్చోవడానికి చోటుండదు.

కొత్త జత కొనేటప్పుడు పాత హింజ్ చేతిలో పట్టుకుని వెళ్ళండి. పైది, కిందిది, కుడి, ఎడమ వేరువేరుగా ఉండే మోడళ్ళు చాలా ఉన్నాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి కూడా. కౌంటర్ దగ్గరే బోల్టు రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవాలి. పిన్ దగ్గర వేలితో ఊపి చూస్తే కొత్తదానిలోనే ఆట ఉన్నవి కనిపిస్తాయి, వాటిని పక్కన పెట్టి ఇంకో పెట్టె తీయమనండి.